రిస్పెరిడోన్ డోసు కుదిరేదాకా ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సినవి

సైకోసిస్‌కి, అంటే లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు వచ్చే మానసిక జబ్బుకి, మందు మొదలుపెట్టిన మూడో రోజుకే "ఇంకా మాటలు వినిపిస్తున్నాయంటున్నాడు, డోసు పెంచరా డాక్టరుగారూ?" అని అడుగుతారు. అప్పుడే పెంచకూడదు. నిద్ర, కోపం కొద్ది రోజుల్లో దారికొస్తాయి. అనుమానాలు, చెవిలో మాటలు తగ్గడానికి వారాలు పడుతుంది. సరైన డోసుకి చేరాక రెండు వారాలైనా ఏ మార్పూ లేకపోతే అప్పుడు ఆలోచిస్తారు. మందు పనిచేయలేదని తేల్చడానికి 4 నుంచి 6 వారాలు కావాలి.

రిస్పెరిడోన్ అయితే మామూలుగా రోజుకి 1 లేదా 2 మి.గ్రా.తో మొదలవుతుంది. వయసు మళ్లినవాళ్లకి ఇంకా తక్కువ. జబ్బు మొదటిసారి వచ్చినవాళ్లలో చాలామందికి 2 నుంచి 4 మి.గ్రా. చాలు. మెదడులో డోపమైన్ అనే రసాయనం అతుక్కునే చోట్లు (డి2 గ్రాహకాలు) ఉంటాయి, వాటిలో సుమారు 65 శాతాన్ని మందు పట్టుకుంటే గుణం కనిపిస్తుంది. 80 శాతం దాటితే వణుకు, బిగుసుకుపోవడం మొదలవుతాయి. 6 మి.గ్రా. దాటితే గుణం పెద్దగా పెరగదు, ఈ బాధలే పెరుగుతాయి.

పెంచమని అడిగేముందు స్ట్రిప్‌లో మాత్రలు లెక్కపెట్టండి. నాలుక కింద దాచి ఉమ్మేసేవాళ్లు తక్కువేం కాదు. గంజాయి మానారో లేదో కూడా తెలుసుకోండి. స్ట్రిప్ మీద ట్రైహెక్సీఫెనిడిల్ (వణుకు, బిగుసుకుపోవడం తగ్గించే మందు) పేరు కూడా ఉందేమో చూడండి. అలాంటి జంట మాత్రని సొంతంగా రెండు చేస్తే అదీ రెట్టింపై మలబద్ధకం, మతిమరుపు తెస్తుంది.

అందరూ బోల్తాపడేది అకథీసియా దగ్గర, ఇది మందు వల్లే వచ్చే బాధ. మనిషి కూర్చోలేడు, నిలబడలేడు, గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. జబ్బు ముదిరిందనుకుని డోసు పెంచితే అది ఇంకా ఎక్కువవుతుంది. "భయంగా ఉందా, లేక కాళ్లు ఆగడం లేదా?" అని మెల్లిగా అడగండి. కాళ్లే అంటే, డోసు పెంచిన తర్వాతే మొదలైందా అన్నది తేదీతో సహా డాక్టరుకి చెప్పండి. రోజూ డోసు, నిద్రపోయిన గంటలు, మాటలు ఎంతసేపు వినిపించాయో ఒక నోటుబుక్కులో రాస్తుంటే ఇది తేలిగ్గా బయటపడుతుంది. ఆడవాళ్లకి నెలసరి ఆగితే అదీ రాయండి. బరువు, నడుము కొలత, పరగడుపు షుగరు మొదట్లో ఒకసారి, మూడు నెలలకి మరోసారి చూపించాలి.

మెడ ఒక పక్కకి లాగేసినా, కనుగుడ్లు పైకి తిరిగిపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. తీవ్రమైన జ్వరంతో ఒళ్లు కట్టెలా బిగుసుకుని, మాట తికమకగా ఉంటే తర్వాతి మాత్ర ఇవ్వకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

రెండు రకాల మందులు సరైన డోసులో, సరైన కాలం వాడినా ఫలితం లేకపోతే క్లోజపిన్ గురించి అడగండి. అది 12.5 మి.గ్రా.తో మొదలవుతుంది. మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష ఉంటుంది. మధ్యలో 48 గంటలకి మించి ఆగితే పాత డోసు వేయకూడదు, డాక్టరు మళ్లీ 12.5 నుంచే ఎక్కిస్తారు.