ఎక్స్‌రేలో స్కాటర్ తగ్గాలి, షార్ప్‌నెస్ మాత్రం పోకూడదు: ఏది ముందు, ఏది తర్వాత

ఇమేజ్ బాగా రాలేదనగానే చాలామంది గ్రిడ్ (డిటెక్టర్ ముందు పెట్టే, సన్నని సీసపు రేకుల జల్లెడ) కోసం చూస్తారు. దానికంటే ముందు ఆ మసక ఏ రకందో చూడండి. ఎముక అంచు చెదిరినట్టో, జంటగీతలాగో కనిపిస్తే అది స్కాటర్ (శరీరంలో దారి తప్పి చెదిరిన కిరణాలు) పని కాదు. పేషెంట్ కదిలి ఉంటారు, లేదా ఫోకల్ స్పాట్ (ట్యూబ్‌లో కిరణాలు పుట్టే చోటు) పెద్దది ఎంచుకున్నారు, లేదా తీస్తున్న భాగం డిటెక్టర్‌కి (కిరణాలు పడి ఇమేజ్ ఏర్పడే పలకకి) దూరంగా ఉంది. అంచులు ఉన్నచోటే ఉండి ఇమేజ్ అంతా బూడిద పొర కప్పినట్టుంటే, అదీ స్కాటర్. అది తినేది కాంట్రాస్ట్‌ని. షార్ప్‌నెస్ పోయేది చాలాసార్లు స్కాటర్‌ని ఆపబోయి మనం చేసే పనుల వల్లే, అందుకే దేన్ని ఏ వరుసలో వాడతామన్నది ముఖ్యం.

స్కాటర్ పుట్టేది పేషెంట్ శరీరంలోనే. ఎంత వెడల్పున కిరణాలు పడుతున్నాయి, ఆ భాగం ఎంత మందం, కేవీపీ (ట్యూబ్‌కి ఇచ్చే వోల్టేజ్) ఎంత, ఈ మూడే దాన్ని నిర్ణయిస్తాయి. పొట్ట లాంటి మందమైన చోట గ్రిడ్ లేకుండా తీస్తే డిటెక్టర్‌ని చేరే కిరణాల్లో ఎక్కువ భాగం స్కాటరే ఉంటుంది.

మొదట కొలిమేషన్, అంటే కిరణాలు పడే ఫీల్డ్‌ని కావాల్సిన భాగం వరకే బిగించడం. దీనివల్ల షార్ప్‌నెస్‌కి ఏ నష్టమూ లేదు, పైగా డోస్ తగ్గుతుంది, ఇంత లాభసాటి పని ఇంకోటి లేదు. కానీ డిజిటల్ వచ్చాక ఒక చెడ్డ అలవాటు పాకింది: ఫీల్డ్ మొత్తం తెరిచి తీసేసి, తర్వాత స్క్రీన్ మీద క్రాప్ చేయడం. ఆ క్రాప్ అందంగా కనిపిస్తుందేమో గానీ స్కాటర్ అప్పటికే డిటెక్టర్‌లో కలిసిపోయింది, డోస్ పేషెంట్‌కి పడిపోయింది. ఒక సంగతి గుర్తుంచుకోండి, ఫీల్డ్ బాగా బిగిస్తే డిటెక్టర్‌కి చేరే మొత్తం కిరణాలూ తగ్గుతాయి కాబట్టి మాన్యువల్‌గా తీసేటప్పుడు ఎంఏఎస్ (ట్యూబ్ కరెంట్ ఎంఏని సమయంతో గుణిస్తే వచ్చేది) కాస్త పెంచాల్సి రావచ్చు.

రెండోది మందం తగ్గించడం. మామోగ్రఫీలో రొమ్మును నొక్కి తీసేది ఊరికే కాదు: మందం తగ్గి స్కాటర్ తగ్గుతుంది, కణజాలం డిటెక్టర్‌కి దగ్గరవుతుంది, కదలిక ఆగుతుంది. అంటే కాంట్రాస్ట్, షార్ప్‌నెస్ రెండూ ఒకేసారి బాగుపడతాయి. పొట్ట తీసేటప్పుడు వీలైతే బోర్లా పడుకోబెట్టినా కొంత మందం తగ్గుతుంది. గాయమో, తీవ్రమైన కడుపునొప్పో ఉన్నవాళ్ల దగ్గర మాత్రం ఆ ప్రయత్నం చేయొద్దు.

కేవీపీ తగ్గిస్తే కాంట్రాస్ట్ పెరిగే మాట నిజమే. కానీ దానికి తగ్గట్టు ఎంఏఎస్ పెంచాలి, డోస్ పెరుగుతుంది, ఎక్స్‌పోజర్ సమయం సాగితే ఊపిరికే ఇమేజ్ కదిలిపోతుంది. నా మటుకు స్కాటర్ కోసం కేవీపీ జోలికి వెళ్లను, ఆ భాగానికి మామూలుగా వాడేదే ఉంచుతాను.

ఇక గ్రిడ్. 1913లో గుస్తావ్ బకీ దీన్ని తయారుచేశాడు (కిరణాలు ఎందుకు చెదురుతాయో కాంప్టన్ తన సిద్ధాంతంలో చెప్పింది 1923లో, అంటే మందు ముందొచ్చి జబ్బు పేరు తర్వాత వచ్చింది). భాగం మందం సుమారు 10 నుంచి 12 సెం.మీ. దాటితేనే గ్రిడ్ పెట్టండి. చేతికి, పాదానికి, చిన్నపిల్లలకి అక్కర్లేదు. మణికట్టుని బకీలో (టేబుల్ కింద గ్రిడ్, డిటెక్టర్ ఉండే ట్రేలో) తీస్తే రెండు విధాలా నష్టం: డోస్ పెరుగుతుంది, ట్రే టేబుల్ కింద కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి అంచులు మెత్తబడతాయి.

అసలు చిక్కు ఎక్కడంటే, 8:1 గ్రిడ్ (రేకుల ఎత్తు వాటి మధ్య ఖాళీకి 8 రెట్లు, దీన్నే రేషియో అంటారు) పెడితే ఎంఏఎస్ దాదాపు 4 రెట్లు కావాలి. దాన్ని సమయం పెంచి ఇస్తే కదలిక మసక, ఎంఏ పెంచి ఇస్తే పెద్ద ఫోకల్ స్పాట్‌కి మారాలి. ఛాతీ, పొట్ట అయితే పెద్ద ఫోకస్, తక్కువ సమయమే మేలు, ఎందుకంటే అక్కడ కదలిక చేసే నష్టం ముందు ఫోకల్ స్పాట్ నష్టం చిన్నది. వార్డులో పోర్టబుల్ మెషీన్‌కి 6:1 చాలు. రేషియో పెరిగేకొద్దీ ట్యూబ్ కాస్త పక్కకి పోయినా, గ్రిడ్ కొంచెం ఒరిగినా కటాఫ్ (పనికొచ్చే కిరణాల్ని కూడా రేకులు ఆపేయడం) వచ్చేస్తుంది. ఫోకస్డ్ గ్రిడ్ (రేకులు ట్యూబ్ వైపు ఒరిగి ఉండేది) తిరగేసి పెడితే మధ్యలో మాత్రమే ఇమేజ్ వచ్చి రెండు పక్కలా తెల్లగా పోతుంది, అది చూడగానే గుర్తుపట్టొచ్చు. కదలని గ్రిడ్ వాడితే దాని గీతలు డిటెక్టర్ పిక్సెళ్లతో కలిసి అలల్లాంటి చారలు రావచ్చు, అలాంటప్పుడు గీతలు ఎక్కువ దగ్గరగా ఉన్న గ్రిడ్ కావాలి.

గ్రిడ్ లేకుండా గాలి ఖాళీతోనూ పని నడుస్తుంది. భాగానికి, డిటెక్టర్‌కి మధ్య 15 సెం.మీ. వదిలితే ఏటవాలుగా పోయే స్కాటర్ చాలావరకు పక్కకి తప్పుకుంటుంది. మెడ పక్క నుంచి తీసేటప్పుడు భుజం వల్ల ఆ ఖాళీ దానంతటదే వస్తుంది. షార్ప్‌నెస్ లెక్క ఇదీ: 1.2 మి.మీ. ఫోకల్ స్పాట్, ట్యూబ్ నుంచి డిటెక్టర్‌కి 100 సెం.మీ. అయితే అంచు దగ్గర 0.21 మి.మీ. మసక వస్తుంది. అదే 180 సెం.మీ.కి జరిపితే 0.11కి పడిపోతుంది. ఎంఏఎస్ మాత్రం 3.24 రెట్లు కావాలి. 100 దగ్గరే ఉండి 0.6 మి.మీ. ఫోకల్ స్పాట్‌కి మారినా మసక ఇంచుమించు అంతే తగ్గుతుంది, అయితే ట్యూబ్ ఆ లోడ్ తట్టుకోవాలి.

నడుము వెన్నెముక పక్క నుంచి తీసేటప్పుడు వీపు వెనక టేబుల్ మీద సీసపు రబ్బరు పరవండి. లేకపోతే అటునుంచి వచ్చే స్కాటర్ చూసి ఏఈసీ (ఎక్స్‌పోజర్‌ని దానంతటదే ఆపే సెన్సర్) తొందరగా ఆపేస్తుంది, ఇమేజ్ గింజలు గింజలుగా వస్తుంది. గ్రిడ్ బదులు సాఫ్ట్‌వేర్ ఉంది కదా అంటారా, అది స్కాటర్‌ని అంచనా వేసి తీసేస్తుంది, కాంట్రాస్ట్ తిరిగొస్తుంది. స్కాటర్‌తో వచ్చిన నాయిస్ మాత్రం అక్కడే ఉంటుంది. పోర్టబుల్ ఛాతీకి బాగానే పనికొస్తుంది, లావుపాటి పొట్టకి నేను గ్రిడ్‌నే నమ్ముతాను.

మీ మెషీన్ మీద తేడా చూసుకోవాలంటే నీళ్ల ఫాంటమ్ (శరీరం బదులు పెట్టే నీళ్ల డబ్బా) మీద, ట్యూబ్ వైపు, చిన్న సీసపు బిళ్ల పెట్టి తీయండి. బిళ్ల నీడలో పడే సిగ్నల్ దాదాపు అంతా స్కాటరే కాబట్టి, ప్రాసెసింగ్ లేని ఇమేజ్‌లో ఆ విలువ కొలిచి, కొలిమేషన్ బిగించాక ఒకసారి, గ్రిడ్ పెట్టాక ఒకసారి పోల్చండి. పక్కనే లైన్ పెయిర్ ప్లేట్ (షార్ప్‌నెస్ పరీక్షించే సన్నగీతల పలక) ఉంచితే సన్నగీతలు విడివిడిగా ఉన్నాయో కలిసిపోయాయో కూడా అదే ఇమేజ్‌లో తెలిసిపోతుంది.