వేట నిషేధం రోజుల్లో పాలెమంతా కలిసి ఫైబర్ బోటు బాగుచేసుకోవడం ఎలా?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మోటారు బోట్లు వేటకు వెళ్లకూడదు. మైపాడులోనైనా కొత్తపట్నంలోనైనా బోట్లు ఒడ్డునే ఉంటాయి, మనుషులూ ఖాళీగా దొరుకుతారు. మరమ్మతు పెట్టుకోవడానికి ఇదే అదను.

ముందు డబ్బు సంగతి తేల్చుకోండి. సామాను ఖర్చు బోటు యజమానిదా, అందరూ వేసుకుంటారా, ఎవరి బోటు ముందు? పాలెం పెద్దల ఎదుట మాట్లాడుకుని పుస్తకంలో రాసుకోండి. రెసిన్ (ఫైబర్‌ను అతికే జిగురు ద్రవం) డబ్బా తెరిచాక ఈ పంచాయితీ మొదలైతే పని అక్కడే ఆగిపోతుంది. కొత్తగా చేతులు కలిపినవాళ్లు తక్కువ దెబ్బతిన్న చిన్న బోటు తీసుకోవడం మేలు. అడుగు నిలువునా చీలిన బోటు జోలికి పోవద్దు, అది మేస్త్రీల పని.

చిల్లు వెతకడం

ఇంజను, వలలు దించి బోటును ఇసుక బస్తాల మీద నిలపండి. లోపల నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి బయటనుంచి చూడండి. నిండా పోయొద్దు, ఆ బరువుకే అడుగు పగులుతుంది. చెమ్మ ఊరిన చోటల్లా మేకుతో గీత పెట్టండి. అమరం (బోటు వెనక భాగం) దగ్గర, ఇంజను బిగించే చోట సన్న పగుళ్లు తరచుగా ఉంటాయి, ఆ చోటు రెండోసారి చూడండి.

నీళ్లు తోడేసి, బోటంతా మంచినీళ్లతో కడిగి, పదిహేను ఇరవై మంది పట్టి బోర్లించండి. తర్వాత రూపాయి బిళ్లతో అడుగంతా తట్టుకుంటూ వెళ్లాలి. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, పొరలు విడిపోయిన చోట డొల్లగా వినిపిస్తుంది. ఈ తేడా తెలియాలంటే చుట్టూ ఉన్నవాళ్లు నోరు మూసుకోవాలి. గుంపు పనిలో అన్నిటికన్నా కష్టం అదే.

తడి మీద రెసిన్ పట్టదు. ఎండ మండిపోతోంది కదా అని ఒక్కరోజుతో సరిపెట్టకుండా కనీసం వారం ఆరనివ్వండి.

గీకడం, అతకడం

దెబ్బతిన్న ఫైబర్‌ను గ్రైండరుతో తీసేసి, చిల్లు చుట్టూ అంచును వాలుగా గీకండి. మందానికి పన్నెండు రెట్లు వాలు ఉండాలి: 5 మిల్లీమీటర్ల మందమైతే చుట్టూ 6 సెంటీమీటర్లు. నిటారు అంచుకు అతికించిన ముక్క అల దెబ్బకు ఊడొస్తుంది. మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా లేనివాళ్లను గ్రైండరు దగ్గరికి రానివ్వొద్దు. ఆ దుమ్ము ఒంటికి దురద, ఊపిరితిత్తులకు అంతకన్నా చేటు. గీకాక అసిటోన్‌తో తుడవండి.

కోబాల్ట్ (రెసిన్ త్వరగా గట్టిపడేలా చేసే మందు) ముందే కలిపిన రెసిన్ అడిగి కొనండి. విడిగా కొంటే కోబాల్ట్‌నూ హార్డెనర్‌నూ (రెసిన్‌ను గట్టిపరిచే ద్రవం) నేరుగా కలపడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు, పేలిపోతుంది. కిలో రెసిన్‌కు హార్డెనర్ 10 నుంచి 20 గ్రాములు. మే నెల ఎండకు 10 చాలు. ఒకసారికి అరకిలోకు మించి కలపొద్దు, గిన్నెలోనే గడ్డకడుతుంది. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కేలోపు ముగించండి. ఇక్కడే గుంపు అక్కరకొస్తుంది: ఒకరు కలుపుతుంటే ఒకరు మ్యాట్ (గాజు పీచు గుడ్డ) కత్తిరించి అందించాలి, ఇంకొకరు బ్రష్‌తో తడపాలి, మరొకరు రోలరు నడపాలి. ముందు చిన్న ముక్క, దానిమీద కాస్త పెద్దది, అలా పొరలు వేయండి. ఎక్కడైనా తెల్లగా కనిపిస్తే అక్కడ రెసిన్ దిగలేదని అర్థం, గాలి బుడగ పోయేదాకా రోలరు తిప్పండి.

గట్టిపడ్డాక నున్నగా రుద్ది, జెల్‌కోటు (నున్నటి రెసిన్ పైపూత), రంగు వేయండి. రిజిస్ట్రేషన్ నంబరు రంగు కింద పోకుండా ముందే ఫొటో తీసుకుని, మళ్లీ అలాగే రాయించండి.

తొలి పరీక్ష అలల్లో వద్దు. కాలువలోనో మొగలోనో (ఏరు సముద్రంలో కలిసే చోట), లైఫ్ జాకెట్లు వేసుకుని, ఇంజను లేకుండా గంటసేపు నిలిపి చూడండి. లోపల చెమ్మ కనిపిస్తే బోటును వెనక్కి లాగి, ఆరబెట్టి, మళ్లీ బిళ్లతో తట్టండి. మిగిలిన హార్డెనర్‌ను రెసిన్‌కూ కోబాల్ట్‌కూ దూరంగా, నీడలో, పిల్లలకు అందని చోట పెట్టండి. నీళ్ల సీసాలో మాత్రం పోసి ఉంచొద్దు.