పాత గేమ్ క్యాసెట్ కొనే ముందు లోపలి బోర్డు చూడండి

మన హైదరాబాద్‌లో వీటిని కార్ట్రిడ్జ్ అని ఎవరూ అనరు, క్యాసెట్ అంటారు. సంతలో కార్ట్రిడ్జ్ అని అడిగితే ప్రింటర్ ఇంకు డబ్బా చూపిస్తారు. అందుకే మొదట ఈ ఒక్క వాక్యం నేర్చుకోండి: "భాయ్, పురానే వీడియో గేమ్ కే క్యాసెట్ హై క్యా?" ఎర్రగడ్డలో ఆదివారం, జుమ్మేరాత్ బజార్లో గురువారం పొద్దున్నే వెళ్లి, పాత రిమోట్లు, చార్జర్లు, డీవీడీ ప్లేయర్లు కుప్పపోసిన వాళ్ల దగ్గర కూర్చుని ఇదే అడగండి. పది మంది లేదంటారు, పదకొండో ఆయన గోనెసంచి విప్పుతాడు.

ఆ సంచిలో ఏముంటుందో ముందే తెలిసి ఉండాలి. తొంభైల్లో మన ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా సమురాయ్, లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ లాంటి పేర్లతో వచ్చిన మెషీన్లు. వాటిలో పట్టేది 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్ మెషీన్ క్యాసెట్ ఆకారమే, 60 పిన్నులది. అదే మెషీన్‌ను అమెరికాలో ఎన్ఈఎస్ పేరుతో అమ్మారు, దాని క్యాసెట్ దీనికంటే పెద్దది, 72 పిన్నులు. కాబట్టి సంతలో మీ చేతికొచ్చే వందలో దాదాపు అన్నీ "9999999 ఇన్ 1" రకం కాపీలే అనుకోండి. ఆడుకోవడానికి కొంటే తప్పు లేదు, నా దగ్గరా ఓ డబ్బాడు ఉన్నాయి, వాటి మీద ప్రేమ కూడా ఉంది. కానీ వాటికి విలువైన వస్తువు ధర పెట్టకండి.

అసలైనవి మన ఊరికి వేరే దారిలో వచ్చాయి. టోలీచౌకీ, మెహదీపట్నం, పాతబస్తీ ఇళ్లకు దుబాయ్, జెద్దా నుంచి వచ్చిన సూట్‌కేసుల్లో, ఆ తర్వాత అమెరికాలో చదువుకుని వచ్చిన అన్నయ్యల బ్యాగుల్లో. అందుకే నేను సంత కంటే సజ్జను ఎక్కువ నమ్ముతాను. పెళ్లికో గృహప్రవేశానికో వెళ్లినప్పుడు "బాబాయ్, మన బాబుగాడు చిన్నప్పుడు ఆడిన గేమ్ ఇంకా ఉందా?" అని అడగండి. ఇల్లు మారేవాళ్లను మరీ ముఖ్యంగా అడగాలి, ఎందుకంటే సజ్జ దించిన రోజే ఆ సామానంతా పాతసామాన్లవాడి తూకంలోకి పోతుంది. నా దగ్గరున్న మంచి గేమ్‌బాయ్ (నింటెండో వాళ్ల చేత్తో పట్టుకుని ఆడే మెషీన్) క్యాసెట్లలో సగం మా పిన్ని వాళ్లింట్లో బిస్కెట్ డబ్బాలో దొరికినవే. డబ్బులిస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. బంధువుల దగ్గర తీసుకున్నా, అది విలువైనదని తెలిస్తే మాత్రం వాళ్లకు చెప్పే తీసుకోండి.

ఇక అసలు సంగతి. స్టిక్కర్ చూసి కొనకండి, బోర్డు చూసి కొనండి. స్టిక్కర్ ఎవరైనా ప్రింట్ చేస్తారు.

గేమ్‌బాయ్, ఎస్ఎన్ఈఎస్ (ఎన్ఈఎస్ తర్వాతి మెషీన్), నింటెండో 64 క్యాసెట్ల వెనక మామూలు స్క్రూ ఉండదు, 3.8 ఎంఎం గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్ కావాలి. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కు మూడు రెక్కల ట్రైవింగ్ డ్రైవర్. రెండూ ఆన్‌లైన్‌లో తక్కువకే వస్తాయి, జేబులో పెట్టుకుని తిరగండి. అసలు నింటెండో క్యాసెట్ అని చెప్పి, వెనక నాలుగు గీతల మామూలు స్క్రూ ఉంటే అక్కడే ఆగి ఆలోచించండి. ఫామికామ్‌వి చాలావరకు స్క్రూలు లేకుండా లాక్‌లతో బిగించి ఉంటాయి, సంతలో గోరుతోనో స్క్రూడ్రైవర్‌తోనో పీకితే లాక్ విరుగుతుంది, అది మీ వస్తువు కూడా కాదు. అలాంటప్పుడు ఫోన్ టార్చ్ వేసి పిన్నుల సందులోంచి చూడండి, బోర్డు అంచు, సోల్డరింగ్ ఎంత శుభ్రంగా ఉందో కొంతైనా తెలుస్తుంది.

విప్పాక ఏం చూడాలంటే, బోర్డు మీద నల్లటి తారు చుక్కలాంటి ముద్ద ఒక్కటే ఉందనుకోండి, చిప్‌ను నేరుగా బోర్డుకు అతికించి పైన రెసిన్ పోశారన్నమాట, కాపీల్లో ఎక్కువగా కనబడేది ఇదే. అసలైన వాటిలో చాలావరకు కాళ్లున్న చిప్పులు, వాటి మీద కంపెనీ పేరు, నంబర్లు ఉంటాయి. చాలా చిప్పుల మీద నాలుగు అంకెల తేదీ కోడ్ ఉంటుంది. 9024 అంటే 1990లో 24వ వారం. గేమ్ 1990ది అంటూ చిప్ మీద 2008 నాటి కోడ్ ఉంటే ఇక మాటలు అక్కర్లేదు.

నేను ఈ పాఠం డబ్బు పోగొట్టుకునే నేర్చుకున్నాను. పోకెమాన్ ఎమరాల్డ్ అనే గేమ్‌బాయ్ అడ్వాన్స్ క్యాసెట్ ఒకటి ఒకాయన దగ్గర 2,500 పెట్టి కొన్నాను. ఆకుపచ్చ షెల్ బాగుంది, స్టిక్కర్ మెరుస్తోంది. ఇంటికొచ్చి పెడితే లోపలి బ్యాటరీ అయిపోయిందన్న మెసేజ్ వచ్చింది. పాతది కదా, అయిపోయి ఉంటుందిలే అనుకున్నాను. నెల రోజులు ఆడి చివరి పోటీ గెలిచాక సేవ్ మొత్తం పోయింది. విప్పి చూస్తే బ్యాటరీ అయిపోవడం కాదు, అసలు బ్యాటరీయే లేదు! ఇంత తిప్పలు లేకుండా, విప్పకుండానే పట్టుకునే గుర్తులున్నాయి. గేమ్‌బాయ్ అడ్వాన్స్ అసలు క్యాసెట్‌ను తిప్పి పిన్నుల పైన చూస్తే బోర్డు మీద నింటెండో పేరు కనబడుతుంది. ముందు స్టిక్కర్‌ను వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే రెండంకెల నంబర్ నొక్కినట్టుగా పడి ఉంటుంది, కొన్నిటికి దాని పక్కన ఒక అక్షరం కూడా ఉంటుంది. పోకెమాన్ గేముల్లో రూబీ, సఫైర్, ఎమరాల్డ్ షెల్లులు కాంతి దూరేలా ఉంటాయి, ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ షెల్లులు అలా ఉండవు. ఒక్క గుర్తు చూసి ఊరుకోకండి, అన్నీ కలవాలి.

సంతకు ఒక గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ తీసుకెళ్తే ఇంకా మంచిది. పాత గేమ్‌బాయ్, కలర్, అడ్వాన్స్ మూడు రకాలూ దానిలో ఆడతాయి, చార్జింగ్ ఉంటుంది, అక్కడికక్కడే తేలిపోతుంది. ఆడిందంటే అసలుదని కాదు, కాపీలూ ఆడతాయి. పనిచేస్తుందా లేదా అన్నదానికే ఈ పరీక్ష.

ఏది అరుదు అన్నది చాలామంది తప్పుగా అనుకుంటారు. పాతదైతే ఖరీదు కాదు. సూపర్ మారియో బ్రదర్స్, డక్ హంట్ కలిపిన ఎన్ఈఎస్ క్యాసెట్ ప్రపంచమంతా కుప్పలుగా ఉంది. తక్కువ తయారైనవే అరుదు, అలా తక్కువ తయారవడానికి ఏదో ఒక కారణం ఉంటుంది. కొత్త మెషీన్ వచ్చేశాక పాత మెషీన్‌కు వచ్చిన గేములు తక్కువ అమ్ముడవుతాయి. 1990లో సూపర్ ఫామికామ్ వచ్చింది, 1992లో సన్‌సాఫ్ట్ వాళ్ల గిమిక్ అనే గేమ్ పాత ఫామికామ్‌కు వచ్చింది, ఇవాళ కలెక్టర్లు దానికోసం పడిచస్తారు. స్టేడియం ఈవెంట్స్ అనే గేమ్ కథ వేరు. బండాయ్ దాన్ని అమెరికాలో తెచ్చిన కొద్దికాలానికే నింటెండో హక్కులు తీసుకుని పేరు మార్చి అమ్మింది, పాత పేరుతో మిగిలినవి చాలా తక్కువ. 1990 నింటెండో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ పోటీ క్యాసెట్లయితే బూడిద రంగువి 90, బంగారు రంగువి 26. అవి ఎర్రగడ్డలో దొరకవు, ఎవరైనా చూపిస్తే అది నకలే.

2021 జులైలో సూపర్ మారియో 64 సీలు తీయని కాపీ ఒకటి అమెరికా వేలంలో 15.6 లక్షల డాలర్లకు పోయింది. ఆ వార్త చూసి మన దగ్గర అమ్మేవాళ్లు విడి క్యాసెట్‌కు కూడా చుక్కల్లో ధర చెబుతున్నారు. కోటికి పైగా అమ్ముడైన గేమ్ అది, విడిగా మామూలు వస్తువే. ఆ ధర సీలుకు, దాని కండిషన్‌కు. ధర చూసేటప్పుడు విడి క్యాసెట్టా, అట్టపెట్టె, మాన్యువల్ ఉన్నాయా, సీల్డా అన్నది వేరువేరుగా చూడండి. ప్రైస్‌చార్టింగ్ అనే ధరల వెబ్‌సైట్‌లో ఈ మూడూ విడివిడిగా ఉంటాయి. ఈబేలో అడుగుతున్న ధర కాదు, అమ్ముడైన ధర చూడాలి. జపాన్ నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ కలుపుకున్నాకే చవకో కాదో లెక్క వేసుకోండి.

జపాన్ ఫామికామ్ మెషీన్ కూడా తెప్పించుకుంటే కరెంటు దగ్గర జాగ్రత్త. దాని అడాప్టర్ అక్కడి 100 వోల్టులకు చేసింది, మన 230లో పెడితే కాలిపోతుంది. మెషీన్‌కు కావలసింది 10 వోల్టుల డీసీ, 850 మిల్లీఆంపులు, మధ్య పిన్ను నెగటివ్. కోఠీ గుజరాతీ గల్లీలో అడాప్టర్ కొంటే ఆ మధ్య పిన్ను సంగతి గట్టిగా అడిగి, మీటర్ పెట్టి చూపించమనండి. అమెరికా ఎన్ఈఎస్ అడాప్టర్ ఏసీ ఇస్తుంది, దాన్ని ఫామికామ్‌కు పెట్టకండి.

శుభ్రం చేయడం తేలికే. చిన్నప్పుడు అందరం క్యాసెట్‌లో ఊదేవాళ్లం, ఇప్పుడు మానేయండి, నోటి తడికి పిన్నులు తుప్పు పడతాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి పిన్నులు తుడవండి, పుల్లకు నలుపు అంటడం ఆగేదాకా. గరుకు కాగితం వాడితే పైపూత పోతుంది.

బ్యాటరీ మార్చే పని మాత్రం టెన్షన్‌దే. జెల్డా లాంటి ఎన్ఈఎస్ గేములకు సీఆర్ 2032, పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లకు సీఆర్ 2025, రూబీ, సఫైర్, ఎమరాల్డ్‌లకు సీఆర్ 1616. రేకులు అతికించి ఉన్న బ్యాటరీయే కొనండి, మామూలు బిళ్ల మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెడితే పేలొచ్చు. పాతది తీయగానే గోల్డ్ లాంటి వాటిలో సేవ్ పోతుంది, కాబట్టి ముందే డంపర్ (క్యాసెట్‌లోని డేటా కాపీ చేసే పరికరం) పెట్టి ఆ సేవ్‌ను కంప్యూటర్‌లోకి తీసుకోండి. మా పిన్ని డబ్బాలో దొరికిన గోల్డ్‌లో మా తమ్ముడి పదేళ్లప్పటి ఆట అలాగే ఉంది, అది తీసి పెట్టాకే నేను ఐరన్ వేడి చేశాను.

దాచేటప్పుడు మే ఎండలో కారులో వదలకండి, కిటికీ పక్క అల్మారాలో పెట్టకండి, ఎండకు ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. వానాకాలంలో మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. అట్టపెట్టెలకు పురుగు పడుతుందని కలరా ఉండలు వేస్తారు కొందరు, ప్లాస్టిక్‌కు అవి మంచివి కావు. ప్రతి క్యాసెట్‌కూ ఒక చీటీ రాసి పక్కన పెట్టండి: ఎక్కడ దొరికింది, ఎంతకు, బ్యాటరీ ఏ నెలలో మార్చారు. చీటీని స్టిక్కర్ మీద మాత్రం టేపుతో అతికించకండి.