సెల్ఫ్ స్టోరేజ్‌లో సీసీ కెమెరాలు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

సెల్ఫ్ స్టోరేజ్‌లో, అంటే అద్దెకిచ్చే చిన్న గదుల్లో, సామాను దాచుకుని తాళం వేసుకున్నవాళ్లు రోజూ వచ్చి చూసుకోరు. కొందరు నెలకోసారి, కొందరు మూడు నెలలకోసారి వస్తారు. తాళం పగిలిందన్న సంగతి అప్పుడే బయటపడుతుంది. కాబట్టి స్క్రీన్ మీద లైవ్ బొమ్మ చక్కగా వస్తోందని నిశ్చింతగా ఉంటే కుదరదు. పాత ఫుటేజ్‌లో ముఖం, తేదీ, టైమ్ దొరకాలి. ఏ సమస్య వచ్చినా ముందు ఆ కోణంలోనే చూడండి.

సమస్య: అడిగిన తేదీ ఫుటేజ్ లేదు

చాలాచోట్ల కారణం ఒక్కటే. డిస్క్ నిండిపోయి పాతదాని మీద కొత్తది ఎక్కేసింది. లెక్క వేసి చూడండి: 4 ఎంబీపీఎస్ బిట్ రేట్‌తో (సెకనుకు వచ్చే వీడియో డేటా 4 మెగాబిట్లు) రోజంతా రికార్డ్ చేసే ఒక్క కెమెరా రోజుకు సుమారు 43 జీబీ తింటుంది. 16 కెమెరాలకు 30 రోజులంటే దాదాపు 21 టీబీ కావాలి. 8 టీబీ డిస్క్ పెడితే 12వ రోజుకే నిండిపోతుంది.

గేటు, ఆఫీసు దగ్గర మాత్రం 24 గంటలూ రికార్డ్ చేయండి. లోపలి కారిడార్లలో కదలిక ఉన్నప్పుడే రికార్డ్ అయ్యేలా పెట్టి, దానికి 5 నుంచి 10 సెకన్ల ముందు భాగం కూడా కలిసేలా చూడండి. లేకపోతే మనిషి సగం దాటాక రికార్డింగ్ మొదలవుతుంది. వీడియోను బాగా కుదించే హెచ్.265 పద్ధతి వాడితే చోటు బాగా కలిసొస్తుంది. ఇవన్నీ చేశాక కూడా రోజులు చాలకపోతే డిస్క్ పెంచాల్సిందే. మామూలు కంప్యూటర్ డిస్కులు వద్దు, నిరంతర రికార్డింగ్ కోసం చేసినవే తీసుకోండి. ఫుటేజ్‌ను పెన్ డ్రైవ్‌లోకి తీసి వేరే కంప్యూటర్‌లో ప్లే అవుతోందో లేదో కూడా ముందే చూసుకోండి. పోలీసులు అడిగిన రోజున ఆ టెన్షన్ ఉండదు.

సమస్య: పగలంతా బాగుంటుంది, చీకటి పడగానే కెమెరా ఆగి మళ్లీ ఆన్ అవుతుంది

రాత్రి ఐఆర్ లైట్లు (చీకట్లో చూడ్డానికి కెమెరాలో ఉండే, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు) వెలగగానే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. అది చాలక రీస్టార్ట్ అవుతుంది. నిర్ధారణకు సెట్టింగ్స్‌లో ఒక రాత్రి ఐఆర్ ఆపేసి చూడండి. కెమెరా నిలకడగా ఉంటే లోపం కరెంటులోనే.

ముందు కేబుల్ చూడండి. కెమెరాల కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ నుంచి కెమెరా దాకా 100 మీటర్లు దాటకూడదు. తర్వాత లోపలి తీగను బ్లేడుతో కొద్దిగా గీకండి. ఎర్రటి రాగి కింద తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. పీఓఈకి (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కెమెరాకు కరెంటు పంపే పద్ధతి) ఆ కేబుల్ పనికిరాదు, మొహమాటం లేకుండా మార్చేయండి. ఇక స్విచ్: మామూలు పీఓఈలో ఒక్కో పోర్టు 15.4 వాట్లు ఇస్తే కెమెరా దగ్గరికి చేరేది 12.95 వాట్లే అని లెక్క. అన్ని పోర్టులకూ కలిపి స్విచ్ ఎన్ని వాట్లు ఇవ్వగలదో కూడా చూడండి, అది తక్కువైతే చీకటి పడగానే రెండు మూడు కెమెరాలు ఒకేసారి పోతాయి.

దూరంగా ఉన్న బ్లాకుకు రాగి కేబుల్ లాగకండి. అక్కడే ఒక స్విచ్ పెట్టి, మధ్యలో కరెంటు పారని ఫైబర్ కేబుల్ వేయండి. పిడుగు పడినప్పుడు ఒక బ్లాకులోని దెబ్బ ఆ తీగ వెంబడి రెండో బ్లాకుకు పాకదు.

సమస్య: రాత్రి బొమ్మ పొగమంచు పట్టినట్టు తెల్లగా ఉంది

లెన్స్ ముందు సాలెగూడు ఉందేమో చూడండి. ఐఆర్ వెలుగుకు పురుగులు చేరతాయి, వాటి కోసం సాలీడు వస్తుంది. ఒక్క పోగు లెన్స్‌కు దగ్గరగా ఉంటే చాలు, వెలుగంతా దానిమీదే పడి వెనక ఏమీ కనబడదు. మెత్తని గుడ్డతో తుడవడాన్ని పనుల జాబితాలో పెట్టండి. గూడు లేకపోతే పక్కనున్న రేకు షట్టర్ వెలుగును తిప్పికొడుతోందన్నమాట. కెమెరాను గోడకు కాస్త ఎడంగా జరిపి, కప్పు ఫ్రేములో పడకుండా కిందికి వంచండి. డోమ్ కెమెరా అయితే లెన్స్ చుట్టూ ఉన్న రబ్బరు రింగు గాజుకు ఆనుకుని ఉందో లేదో చూడండి. కారిడార్‌లో రాత్రంతా లైటు వెలిగే వీలుంటే ఐఆర్ ఆపేయడమే నయం.

సమస్య: మనిషి కనిపిస్తున్నాడు, ముఖం తెలియడం లేదు

ముక్కూమొహం తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకు సుమారు 250 పిక్సెళ్లు కావాలి. అంటే 1920 పిక్సెళ్ల వెడల్పున్న కెమెరా 7.7 మీటర్ల వెడల్పు దాకానే ఆ పని చేయగలదు. పొడవాటి కారిడార్ మొత్తం ఒక్క వైడ్ లెన్స్‌తో పట్టాలనుకుంటే చివరివాళ్లు మచ్చల్లా పడతారు. కారిడార్ మోడ్‌లో బొమ్మను నిలువుగా తిప్పితే గోడల మీద వృథా అయ్యే పిక్సెళ్లు దారి మీదికి వస్తాయి. మరీ ఎత్తులో పెడితే టోపీ తప్ప ముఖం రాదు. లోపలికి వచ్చే తలుపు దగ్గర ఒకటి తక్కువ ఎత్తులో ఉండాలి.

నంబర్ ప్లేటుకు గేటు దగ్గర విడిగా ఒక కెమెరా కావాలి. దాని షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 500వ వంతు లేదా ఇంకా తక్కువ ఉండాలి, ప్లేటుకు ఎదురుగా చూసే దిశ నుంచి కెమెరా కోణం 30 డిగ్రీల లోపు ఉండాలి.

చిన్నవైనా తిప్పలు పెట్టేవి

గేటు లాగ్‌లోని టైమ్, వీడియో టైమ్ కలవకపోతే రెండింటికీ ఒకే టైమ్ సర్వర్ (నెట్‌వర్క్ ద్వారా సరైన టైమ్ అందించేది) ఇవ్వండి. రెండు కెమెరాలు ఒకటి వస్తే ఒకటి పోతుంటే రెండింటికీ ఒకే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో కెమెరాను గుర్తించే నంబరు) ఉందేమో చూసి, ఒకదానిది మార్చండి. వైఫై కెమెరా కనెక్షన్ తెగిపోతుంటే రేకు గోడలే సిగ్నల్‌ను అడ్డుకుంటున్నాయి, కేబుల్ వేయడమే దారి. వానపడ్డాక కెమెరా పోయిందంటే కనెక్టర్‌లోకి నీళ్లు దిగినట్టే. దాన్ని జంక్షన్ బాక్సులో పెట్టి, కేబుల్‌ను లోపలికి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిప్పితే నీటి బొట్లు అక్కడే రాలిపోతాయి.

డమ్మీ కెమెరాలు మాత్రం వద్దు. వాటిని నమ్మి జనం తమ సామాను మీ దగ్గర పెడతారు. రికార్డర్‌ను కౌంటర్ మీద ఉంచకండి, దొంగ దాన్నే ఎత్తుకుపోతే ఇన్ని కెమెరాలూ దండగ. తాళం వేసిన గదిలో, గాలి ఆడే ఇనుప పెట్టెలో పెట్టి, రికార్డర్‌కూ స్విచ్‌కూ కలిపి యూపీఎస్ ఇవ్వండి.