లాక్ స్క్రీన్ లోపం దొరికితే రిపోర్ట్ చేయడం ఎలా?

ఫోన్ ఒక్క క్షణం వింతగా ప్రవర్తిస్తే చాలామంది రీస్టార్ట్ చేసి మర్చిపోతారు. దయచేసి అలా వదిలేయకండి. భద్రతా లోపాలు వెతికే డేవిడ్ షూట్జ్ వదల్లేదు. చార్జింగ్ అయిపోయి ఆగిన తన గూగుల్ పిక్సెల్ ఫోన్‌ని ఆన్ చేసి, సిమ్ పిన్ మూడుసార్లు తప్పు కొట్టి, పీయూకే కోడ్‌తో (లాక్ అయిన సిమ్‌ని తెరిచే కోడ్) కొత్త పిన్ పెట్టుకున్నాడు. అప్పుడే ఆన్ అయిన ఫోన్ పాస్‌వర్డ్ అడగాలి కదా, వేలిముద్ర అడిగింది. అనుమానమొచ్చి మళ్లీ మళ్లీ చేసి చూశాడు. ఒకసారి రీస్టార్ట్ చేయడం మర్చిపోయి, లాక్‌లో ఉండగానే సిమ్ తీసి పెట్టి, మళ్లీ పిన్ తప్పు కొట్టి, పీయూకే కొట్టాడు. ఫోన్ నేరుగా తెరుచుకుంది! పీయూకే స్క్రీన్‌ని మూసేయాల్సిన ఆదేశం, ఆలోపు పైకి వచ్చిన అసలు లాక్‌ని మూసేసింది. 2022 నవంబర్ అప్‌డేట్‌లో గూగుల్ దాన్ని సరిచేసి, అతనికి 70,000 డాలర్లు ఇచ్చింది.

నేను పరీక్షలకు విడిగా ఒక సెకండ్ హ్యాండ్ ఫోన్ పెట్టుకున్నాను. అందులో నా బ్యాంకు యాప్ గానీ ఫొటోలు గానీ ఉండవు. ముందు అప్‌డేట్లన్నీ వేసి మోడల్, బిల్డ్ నంబర్ (సాఫ్ట్‌వేర్ వెర్షన్), సెక్యూరిటీ ప్యాచ్ (లోపాలు సరిచేసే అప్‌డేట్) తేదీ రాసుకుంటాను. తర్వాత ఒక్కోసారి ఒక్కటే మారుస్తూ చూస్తాను: సిమ్ లేకుండా వస్తోందా, వేలిముద్ర తీసేస్తే వస్తోందా అని. వీడియో మాత్రం ఇంకో ఫోన్‌తో తీయండి, చేతివేళ్లు కూడా కనబడాలి. ఫ్యాక్టరీ రీసెట్ చేశాక కూడా అదే జరిగితేనే రిపోర్ట్ మొదలుపెడతాను.

రిపోర్ట్‌లో మొదటి వాక్యమే ముఖ్యం. "లాక్ స్క్రీన్ సరిగ్గా పనిచేయట్లేదు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఫోన్ చేతికి దొరికిన దొంగ, పాస్‌వర్డ్ తెలియకుండానే, తన సిమ్‌తో లాక్ తీయగలడు" అని రాయండి. ఆ తర్వాత వరుసగా స్టెప్పులు. ఆండ్రాయిడ్‌కి గూగుల్ బగ్ హంటర్స్ సైట్, ఐఫోన్‌కి యాపిల్ సెక్యూరిటీ రీసెర్చ్ సైట్ ఉన్నాయి. లోపం శాంసంగ్ సొంత మార్పుల్లో ఉంటే శాంసంగ్‌కే పంపాలి. ఫోన్ తయారుచేసిచ్చే బగ్ రిపోర్ట్ ఫైల్‌లో మన వివరాలు కూడా ఉంటాయి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు.

పక్కవాళ్ల ఫోన్‌పై అనుమతి లేకుండా ప్రయోగం చేస్తే ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి, మోసపూరితంగా చేస్తే 66 కిందికి కూడా వస్తుంది. ప్యాచ్ వచ్చేదాకా ఆ వీడియో యూట్యూబ్‌లో పెట్టకండి. యూపీఐ, ఓటీపీలు అన్నీ ఆ ఫోన్లలోనే పెట్టుకున్న మనవాళ్లకే నష్టం. కంపెనీ ఎంతకీ పలక్కపోతే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి రాయండి. లోపాల రిపోర్టులు వాళ్లూ తీసుకుంటారు.