గ్రాఫిక్స్ కార్డు ట్యూనింగ్, 3వ పాఠం: విశాఖ ఎండల్లో కోర్ క్లాక్, మెమరీ క్లాక్

రెండో పాఠం చివర రాసిపెట్టుకోమన్న నాలుగు అంకెలు ముందు పెట్టుకోండి. ఏ మార్పూ చేయని కార్డు ఇరవై నిమిషాల ఆట తర్వాత ఏ కోర్ క్లాక్ (బొమ్మల లెక్కలు కట్టే చిప్ వేగం) దగ్గర నిలబడింది, ఎంత వేడెక్కింది, ఎన్ని వాట్లు తీసుకుంటోంది, అప్పుడు గది ఉష్ణోగ్రత ఎంత. ఈ నాలుగోది చాలామంది రాసుకోరు. విశాఖలో అది లేకపోతే మిగతా మూడింటికీ అర్థం లేదు.

ఫ్యాన్ వేగం మారకపోతే, గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే కార్డు కూడా ఇంచుమించు అన్నే డిగ్రీలు వేడెక్కుతుంది. ఏసీ వేసి 25 డిగ్రీల దగ్గర 70 చూపించిన కార్డు, మే నెల మధ్యాహ్నం ఎంవీపీ కాలనీలో సీలింగ్ ఫ్యాన్ కింద 35 డిగ్రీల గదిలో 80 చూపిస్తుంది. ఉక్కపోత మన ఒంటికే గానీ కార్డుకు కాదు. దానికి గాలి ఎంత వేడిగా ఉందన్నదే లెక్క. తేమ చేసే చెరుపు వేరే ఉంది, దాని సంగతి చివర్లో చూద్దాం.

ఈ పాఠానికి ఉదాహరణగా తీసుకున్నది ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ కార్డు. ఎన్‌విడియా చెప్పిన బూస్ట్ క్లాక్ (బరువు పడ్డప్పుడు కోర్ అందుకునే వేగం) 1777 మెగాహెర్ట్జ్, విద్యుత్తు 170 వాట్లు. మీ కార్డు వేరే అయితే అంకెలు మారతాయి, పద్ధతి మారదు. రేడియన్ (ఏఎండీ) కార్డుల్లో స్లైడర్ల తీరే వేరు కాబట్టి వాటికి విడిగా 5వ పాఠం ఉంటుంది.

ముందు, అసలు అవసరం ఉందా?

ఆట నడుస్తుండగా స్క్రీన్ మూలన ఆఫ్టర్‌బర్నర్ (క్లాక్, పవర్ స్లైడర్లు ఉండే ట్యూనింగ్ ప్రోగ్రామ్) చూపించే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం 95 శాతం పైన ఉంటేనే ఈ పాఠం మీకు పనికొస్తుంది. అరవై, డెబ్భై దగ్గర ఆడుతోందంటే కార్డు ఖాళీగా ఎదురుచూస్తోందన్నమాట. ప్రాసెసర్ వెనకబడి ఉండాలి, లేదా వీసింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసేది) గానీ ఫ్రేమ్ లిమిట్ గానీ పెట్టి ఉండాలి. అప్పుడు కార్డు క్లాక్ ఎంత పెంచినా ఒక్క ఫ్రేమూ పెరగదు.

పవర్ లిమిట్, ఆపై కోర్

ఎన్‌విడియా కార్డు క్లాక్ ఒకచోట స్థిరంగా ఉండదు. వేడి, వాట్లు, వోల్టేజి, ఈ మూడింటిలో ఏది ముందు హద్దు తాకితే అక్కడ ఆగుతుంది. ఇప్పుడు ఏది ఆపుతోందో తెలియాలంటే జీపీయూ-జెడ్ అనే కార్డు వివరాల ప్రోగ్రామ్ తెరిచి సెన్సర్ల పేజీలో పెర్ఫ్‌క్యాప్ రీజన్ అనే వరస చూడండి. పీడబ్ల్యూఆర్ అని ఉంటే వాట్ల హద్దు, టీహెచ్ఆర్ఎం అంటే వేడి, వీరెల్ అంటే వోల్టేజి. టీహెచ్ఆర్ఎం కనిపిస్తే స్లైడర్ల జోలికి ఇప్పుడే వెళ్ళకండి. కేసు పక్క పలక తీసి చూడండి, ఫ్యాన్ వేగం పెంచి చూడండి, దుమ్ము దులపండి. 3060కి మామూలుగా ఉండే ఉష్ణోగ్రత హద్దు 83 డిగ్రీలు. ఆ అంచున నడుస్తున్న కార్డుకు క్లాక్ కలిపితే అది కలిపినంతా వేడి పేరిట వెనక్కి ఇచ్చేస్తుంది.

వేడి సమస్య లేకపోతే పవర్ లిమిట్ స్లైడర్‌ను కుడివైపు చివరికి తీసుకెళ్ళండి. కార్డు తయారీదారు ఎంత వదిలితే అంతే వెళ్తుంది, కొన్నింట్లో 100 దాటదు కూడా. దీనివల్ల కార్డుకు ప్రమాదం లేదు, హద్దు కాస్త జరుగుతుందంతే. కోర్ వోల్టేజి స్లైడర్ మాత్రం ముట్టుకోవద్దు. కార్డు తీసుకునే వాట్లు క్లాక్‌తో పాటు, వోల్టేజి వర్గంతో (వోల్టేజిని దానితోనే గుణించినది) పాటు పెరుగుతాయి. క్లాక్ 5 శాతం పెంచడానికి వోల్టేజి కూడా 5 శాతం పెంచాల్సి వస్తే 1.05ను మూడుసార్లు గుణించండి. దాదాపు 16 శాతం ఎక్కువ. 170 వాట్లు 197 అవుతాయి. ఆ 27 వాట్లూ వేడిగా మీ గదిలోకే వస్తాయి. మన ఊరి ఎండల్లో ఇది నష్టపు బేరం.

ఇప్పుడు కోర్ క్లాక్. ఈ కార్డుల్లో క్లాక్ 15 మెగాహెర్ట్జ్ మెట్లలో కదులుతుంది. +100 అని కొట్టినా అది దగ్గరి మెట్టు మీదే నిలుస్తుంది కాబట్టి 15 గుణిజాలే వాడండి. +60తో మొదలుపెట్టండి. యూనిజిన్ సూపర్‌పొజిషన్ గానీ త్రీడీమార్క్ టైమ్ స్పై గానీ (రెండూ కార్డుకు పని పెట్టి స్కోరు ఇచ్చే బెంచ్‌మార్క్‌లు) పది నిమిషాలు తిప్పండి. నిలబడితే +90, తర్వాత +120. అక్కడి నుంచి ఒక్కో మెట్టే ఎక్కండి. ప్రతి మెట్టు దగ్గరా స్కోరు రాసుకోండి, రాయకపోతే రేపటికి గుర్తుండదు.

హద్దు దాటితే ముందు బొమ్మ గడ్డకట్టినట్టు ఆగుతుంది. రెండు సెకన్ల పాటు కార్డు జవాబివ్వకపోతే విండోస్ తనంతట తానే డ్రైవర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెడుతుంది. స్క్రీన్ నల్లబడి తిరిగి వస్తుంది, ఆట మూసుకుపోయి ఉంటుంది. ఇది క్లాక్ వల్లేనా, ఆటలోనే లోపమా అన్న అనుమానం వస్తే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ తెరవండి. ఆ నిమిషానికి డిస్‌ప్లే పేరుతో 4101 నంబరు నమోదై ఉంటే డ్రైవర్ ఆగి మళ్ళీ మొదలైందని ఖాయం. అలా జరిగాక అదే ఊపులో కొనసాగించకండి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, పడిపోయిన చోటు నుంచి రెండు మెట్లు, అంటే 30 మెగాహెర్ట్జ్ వెనక్కి రండి.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. అసలు పరీక్ష ఇప్పుడే మొదలవుతుంది. బరువైన బెంచ్‌మార్క్‌లో కార్డు వాట్ల హద్దు తాకి, 1850 దగ్గరో 1900 దగ్గరో తిరుగుతుంది. అంటే మీరు పెంచిన గీతలో (ఏ వోల్టేజికి ఎంత క్లాక్ అన్నది చూపేది) పైభాగం అసలు పరీక్షకే రాలేదు. వాలరెంట్ లాంటి తేలికపాటి ఆట తెరిచినప్పుడు వాట్లు మిగిలి ఉంటాయి కాబట్టి క్లాక్ గీత చివరి దాకా ఎగబాకుతుంది, అక్కడ పడిపోతుంది. గంటసేపు స్ట్రెస్ టెస్ట్‌లో నిలబడిన కార్డు ఆట మెనూలో క్రాష్ అయ్యేది ఇందుకే. కాబట్టి రెండు పరీక్షలూ చేయాలి. సైబర్‌పంక్ 2077 లాంటి బరువైనది ఒకటి, ఫ్రేమ్ లిమిట్ తీసేసి తేలికది ఒకటి.

రుతువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కార్డు వేడెక్కేకొద్దీ అదే వోల్టేజి దగ్గర క్లాక్‌ను ఒక్కో మెట్టు దించుకుంటుంది, చల్లబడితే ఎక్కుతుంది. మే నెలలో 78 డిగ్రీల దగ్గర కుదిరిన +135, డిసెంబరు రాత్రి 62 డిగ్రీల దగ్గర ఒకటి రెండు మెట్లు పైకి వెళ్ళి క్రాష్ కావచ్చు. ఎండాకాలంలో సరిచూసిన సెట్టింగ్ చలికాలానికి కూడా సరిపోతుందనుకోవడం పొరపాటు. పొద్దున్నే కంప్యూటర్ వేసిన వెంటనే, కార్డు ఇంకా చల్లగా ఉండగానే తేలిక ఆట ఒకసారి తెరిచి చూడండి. అది నిలబడకపోతే ఇంకో 15 తగ్గించండి. 3060 కార్డులు సాధారణంగా +100 నుంచి +150 మధ్య ఎక్కడో స్థిరపడతాయి. ఫ్రేములు 60 నుంచి 63కో 64కో వెళ్తాయి. అంతకన్నా ఆశ పెట్టుకోవద్దు.

మెమరీ క్లాక్

కోర్ తేలాకే మెమరీ. రెండూ ఒకేసారి కదిపితే ఏది పడగొట్టిందో తెలియదు. ఆఫ్టర్‌బర్నర్ 3060 మెమరీని సుమారు 7500గా చూపిస్తుంది, అసలు వేగం దానికి రెట్టింపు, ఒక్కో తీగకు సెకనుకు 15 గిగాబిట్లు. మెమరీ బస్సు (చిప్‌కూ మెమరీకీ మధ్య దారి) వెడల్పు 192 బిట్లు. 192ను 8తో భాగించి 15తో గుణిస్తే సెకనుకు 360 గిగాబైట్లు. +500 పెడితే 16 గిగాబిట్లు, అంటే 384 గిగాబైట్లు. కోర్ కంటే ఇక్కడ లాభం తేలిగ్గా దొరుకుతుంది, ముఖ్యంగా ఆటను 1440 రిజల్యూషన్‌లో ఆడేవాళ్ళకు.

+200 నుంచి వందేసి పెంచండి. మెమరీ తప్పులు కోర్ తప్పుల్లా ఉండవు. నల్లటి నీడల్లో రంగు చుక్కలు మిణుకుమంటాయి, గోడల మీద చదరాలు పడతాయి, ఒక త్రిభుజం ఎక్కడినుంచో ఎక్కడికో సాగి కనిపిస్తుంది. ఒక్క చుక్క కనిపించినా 100 వెనక్కి రావాల్సిందే. కంటికి ఆననివి పట్టడానికి ఓసీసీటీ అనే పరీక్షల ప్రోగ్రామ్‌లో మెమరీ పరీక్ష ఉంది, తప్పుల లెక్క సున్నా ఉండాలి. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉన్న 3080 లాంటి కార్డుల్లో మోసం ఇంకొకటి. తప్పు దొర్లితే మెమరీ అదే సమాచారాన్ని మళ్ళీ పంపుకుంటుంది కాబట్టి చుక్కలూ రావు, క్రాషూ రాదు, స్కోరు మాత్రం మెల్లగా దిగుతుంది. ప్రతి మెట్టుకూ స్కోరు రాయమన్నది అందుకే. స్కోరు ఎక్కడ పెరగడం ఆగిందో దానికి ఒక మెట్టు కిందే మీ హద్దు.

ఇంకో సంగతి. మెమరీ కూడా అదే పవర్ లిమిట్‌లోంచే వాట్లు తీసుకుంటుంది. మెమరీ పెంచాక కోర్ క్లాక్ 15, 30 తగ్గిందేమో చూడండి. తగ్గితే, రెండు రకాలుగానూ నడిపి ఫ్రేములు ఎక్కువ వచ్చిన దాన్నే ఉంచుకోండి.

కుదిరిన అంకెలను ఆఫ్టర్‌బర్నర్ ప్రొఫైల్ 1లో దాచుకోండి. విండోస్‌తో పాటే అమలయ్యే బటన్ మాత్రం వారం రోజులు నొక్కకండి. అప్పటిదాకా ఏం తేడా వచ్చినా రీస్టార్ట్ చేస్తే కార్డు మామూలు క్లాక్‌కు వచ్చేస్తుంది.

యూపీఎస్ చూసుకోండి

ఎండాకాలం కరెంటు పోతుంటుందని 600 వీఏ యూపీఎస్ పెట్టుకున్నవాళ్ళు దాని వెనక వాట్లు చదవండి. చాలా మోడళ్ళలో 360 వాట్లే. కార్డు 170, ప్రాసెసర్ 80, మిగతా భాగాలు 40, పవర్ సప్లయిలో వృథా అయ్యేది మరో 40, మానిటర్ 30. అక్కడికే 360. పవర్ లిమిట్ 110 శాతానికి పెంచితే ఇంకో 17 వాట్లు పైన పడతాయి, కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కీచుమని ఆగిపోతుంది. యూపీఎస్ మీద ఆడాల్సి వస్తే ప్రొఫైల్ 2లో పవర్ లిమిట్ 75 పెట్టుకుని, కరెంటు పోగానే దానికి మారండి.

ఉప్పు దుమ్ము

పెదవాల్తేరు, లాసన్స్ బే, రుషికొండ వైపు ఇళ్ళలో సముద్రపు గాలితో ఉప్పు లోపలికి వస్తుంది. పోర్టు చుట్టుపక్కల నల్లటి బొగ్గు ధూళి దానికి తోడవుతుంది. ఉప్పు కలిసిన దుమ్ము గాల్లో తేమను పీల్చుకుని, కార్డు వేడిని లాగే లోహపు రేకుల మధ్య జిగటగా పట్టేస్తుంది, నోటితో ఊదితే రాదు. అల్యూమినియం రేకుల అంచున తెల్లటి పొడి, రాగి గొట్టాల మీద ఆకుపచ్చ మరక కనిపిస్తే తుప్పు మొదలైనట్టే. రెండు నెలలకోసారి మెత్తటి పెయింట్ బ్రష్‌తో కదిలించి, బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. గాలికి అది అదుపు తప్పి తిరిగితే బేరింగ్ పాడవుతుంది. తడిగుడ్డ వద్దు.

ఏసీ 20 డిగ్రీల దగ్గర రాత్రంతా నడిపి, కంప్యూటర్ ఆపేసి ఉండగా పొద్దున్నే కిటికీలు తెరిస్తే, బయటి తేమగాలి చల్లటి లోహం మీద చెమ్మగా పేరుతుంది. ఉప్పు దుమ్ము మీద ఆ చెమ్మ పడితే కరెంటు పారే దారి ఏర్పడుతుంది. కిటికీలు తీసిన రోజు అరగంట ఆగి స్విచ్ వేయండి.

4వ పాఠంలో కంట్రోల్-ఎఫ్ నొక్కి వోల్టేజి గీత తెరుస్తాం. ఇదే క్లాక్‌ను తక్కువ వోల్టేజితో తెచ్చుకోవడం అందులో ఉంటుంది. ల్యాప్‌టాప్ వాడేవాళ్ళకు, ఏసీ లేని గదుల్లో ఆడేవాళ్ళకు అసలు లాభం అక్కడే. అందాకా మధ్యాహ్నం రెండు గంటలకు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి మీ ప్రొఫైల్ 1 నడిపి, ఆ రెండు పూటల గది వేడి, కార్డు వేడి, క్లాక్, వాట్లు పక్కపక్కన రాసి ఉంచండి. గీత మీద ఏ చుక్క పట్టుకోవాలో ఆ రెండు వరసల్ని బట్టే లెక్క కడతాం.