గాలం వేసేవాళ్లకు చీటీ రాసే ముందు

మా చెరువు సిద్దిపేట వైపు. మత్స్యకారుల సంఘంలో చీటీలు, లెక్కలు నేను చూస్తాను. ఆదివారం తెల్లారేసరికి కట్ట మీద హైదరాబాద్ బండ్లు ఆగి ఉంటాయి. మొదట్లో అందరికీ ఒకటే రేటు, ఒకటే రూల్ పెట్టాం. వారం వారం గొడవే. అందరూ చేప కోసమే వస్తారనుకోవడం మా పొరపాటు.

ఇప్పుడు చీటీ రాసే ముందు ఒక్క మాట అడుగుతాను: "చేపను ఇంటికి తీసుకెళ్తారా సార్, వదిలేస్తారా?" మీ చెరువు దగ్గర చీటీలు రాసే మీరూ అడగండి. కూరకని వచ్చినవాళ్లకు కిలో లెక్క కట్టండి. పిల్లలతో వచ్చినవాళ్లకు పెద్ద చేప అక్కర్లేదు, బెండు మాటిమాటికీ మునిగితే చాలు. వాళ్లను జిలేబీ చేపలు (తిలాపియా) తిరిగే లోతు లేని ఒడ్డున, చెట్టు నీడన కూర్చోబెట్టండి. జిలేబీలు ఎన్ని పట్టుకెళ్లినా మాకు మేలే, అవి మనం పెంచే రవ్వ, బొచ్చ చేపల మేత తినేస్తాయి. తూము దగ్గర కూర్చునే ఒక రిటైర్డ్ మాస్టారు నాలుగు గంటల్లో ఒక్క చేపా పడకపోయినా నవ్వుతూ వెళ్తారు. ఆయనకు కావాల్సింది ప్రశాంతత. అందుకే ఆ వైపు పాటలు పెట్టనివ్వం.

అసలు జాగ్రత్త పెద్ద చేపతో ఫోటో కావాలనేవాళ్ల దగ్గర. వాళ్ల కన్ను కొర్రమీను మీదే. వానలు పడ్డాక కొర్రమీను పిల్లలు ఎర్రగా, గుంపుగా నీటి పైకి వచ్చి గాలి పీలుస్తాయి, నీళ్లు సన్నగా ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది. తల్లీతండ్రీ కిందే కాపలా ఉంటాయి. అక్కడ ఎర పడితే ఆకలి లేకపోయినా, పిల్లల మీదికి ఏదో వచ్చిందని మీద పడతాయి. ఒకసారి ఒకబ్బాయి అలాగే పెద్ద చేపను లాగాడు. చూస్తుండగానే లకుముకి పిట్టలు దిగాయి, సాయంత్రానికి ఆ గుంపు లేదు. అతనికి ఈ సంగతి తెలియదు, చెప్పాల్సింది నేను. ఆ రోజు నుంచి వానాకాలంలో ఎర్ర గుంపు కనిపించిన చోట గాలం బంద్. కారణం చెబితే ఎవరూ కాదనలేదు.

వదిలేస్తామనేవాళ్లకు వదిలే పద్ధతి చూపించండి. కర్ణాటకలో భీమేశ్వరి దగ్గర కావేరిలో మహసీర్ అనే పెద్ద చేపను పట్టి వదలడం చాలా ఏళ్లు నడిచింది, అదేం కొత్త కాదు. గాలానికుండే ఎదురు ముల్లును ప్లయర్‌తో ముందే నొక్కేయాలి. చేతులు తడిపాకే చేపను ముట్టాలి, లేదంటే ఒంటి మీది జిగురు ఊడిపోతుంది. వేడెక్కిన రాళ్ల మీద పెట్టకూడదు. గాలం లోపలికి మింగేస్తే లాగకండి, దారం నోటి దగ్గర కోసేయండి. ఎండాకాలం మేం తొమ్మిది దాటితే చీటీ రాయం, వేడి నీళ్లలో అలసిన చేపను వదిలినా బతకడం కష్టం.

తెగిన నైలాన్ దారాలకు కట్ట చివర ఒక డబ్బా పెట్టండి. కాలికి దారం చుట్టుకుని కొట్టుకుంటున్న కొంగను విడిపించాక మేం పెట్టాం. వెళ్లేముందు అందులో వేస్తేనే బండి తాళం ఇస్తాం.